బేస్ గిటార్ రికార్డింగ్: నేరుగా కలపాలా, ఆంప్ ముందు మైకు పెట్టాలా?

ప్రశ్న: నాలుగు తీగల బేస్ గిటార్ వాయిస్తాను. ఇంట్లో 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు ఉన్న గదిలో గిటారును నేరుగా ఆడియో ఇంటర్‌ఫేస్‌కు (గిటారు, మైకు సంకేతాలను కంప్యూటర్‌కు అందించే పెట్టెకు) కలిపి రికార్డు చేస్తే ధ్వని నిర్జీవంగా వచ్చింది. ఆంప్ (గిటారు ధ్వనిని పెంచి వినిపించే స్పీకరు పెట్టె) ముందు అడుగు దూరంలో మైకు పెడితే కొన్ని స్వరాలు గుమ్మని మోగుతున్నాయి, కొన్ని వినబడడమే లేదు. రెండు ట్రాకులూ కలిపితే ఇంకా పలుచబడింది. ఫోన్‌లో వింటే పాటలో బేస్ ఉన్నట్టే తెలియడం లేదు. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మీరు రాసినవాటికి కారణాలు వేరు వేరు కాబట్టి విడివిడిగా చూద్దాం. నేరుగా కలిపినప్పుడు ధ్వని మొద్దుబారడానికి కారణం చాలావరకు ఇన్‌పుట్ ఎంపికే అయివుంటుంది. బ్యాటరీ లేని గిటార్ల పికప్‌కు (తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగానికి) ఇంపెడెన్స్, అంటే విద్యుత్ ప్రవాహానికి అడ్డు, ఎక్కువ. దాన్ని ఇంపెడెన్స్ తక్కువగా ఉండే లైన్ ఇన్‌పుట్‌కు కలిపితే ధ్వనిలోని పదును అక్కడే హరించుకుపోతుంది. ఇంటర్‌ఫేస్‌లో ‘ఇన్‌స్ట్రుమెంట్’ లేదా ‘హై జెడ్’ అనే మీట ఉంటే అది నొక్కి చూడండి. ఆ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ సుమారు 10 లక్షల ఓమ్‌లు ఉంటుంది. ఆ సదుపాయం లేకపోతే గిటారు సంకేతాన్ని మైకు ఇన్‌పుట్‌కు తగినట్టు మార్చే డీఐ బాక్స్ ద్వారా కలపాలి. 24 బిట్‌లో రికార్డు చేస్తూ, మీరు గట్టిగా మీటిన స్వరం కూడా మైనస్ 10 డెసిబెల్స్ దాటకుండా గెయిన్ (ఇన్‌పుట్ బలం) పెట్టుకుంటే చాలు. మీటరును ఎర్రగీత దాకా నెట్టవలసిన అవసరం లేదు.

ఇక గుమ్మని మోగడం గది చేసే పని. ఎదురెదురు గోడల మధ్య దూరం ఒక ధ్వని తరంగం పొడవులో సగానికి సమానమైతే ఆ స్వరం గదిలో నిలిచిపోయి, గోడల దగ్గర బలంగానూ, గది నడుమ దాదాపు లేనట్టుగానూ వినిపిస్తుంది. ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. 10 అడుగులంటే 3.05 మీటర్లు. వేగాన్ని ఆ దూరానికి రెట్టింపుతో భాగిస్తే 56 హెర్ట్జ్ వస్తుంది. మీ గిటారులో ‘ఎ’ తీగను వట్టిగా మీటితే వచ్చేది 55 హెర్ట్జ్! 12 అడుగుల వైపు లెక్క 47 హెర్ట్జ్ దగ్గర తేలుతుంది. అది ‘ఇ’ తీగ మీద రెండో ఫ్రెట్‌కు (మెట్టుకు) ఇంచుమించు సరిపోతుంది. అంటే మీరు ఎక్కువగా వాడే స్వరాల మీదే మీ గది పక్షపాతం చూపుతోంది, పాపం గిటారు మాట పడుతోంది. ఆంప్‌ను మూల నుంచి జరిపి, నేల అదరకుండా కుర్చీ మీదో బల్ల మీదో పెట్టి, వాల్యూమ్ తగ్గించి, మైకును స్పీకరుకు రెండు మూడు అంగుళాల దగ్గరకు తెస్తే గది ప్రభావం బాగా తగ్గుతుంది. స్పీకరు మధ్యభాగానికి ఎదురుగా పెడితే వేలి చప్పుడు పదునుగా, అంచు వైపు జరిపితే ధ్వని గుండ్రంగా వస్తుంది. కిక్ డ్రమ్‌కు వాడే పెద్ద డయాఫ్రమ్ డైనమిక్ మైకు ఈ పనికి బాగుంటుంది.

రెండు ట్రాకులూ కలిపితే పలుచబడడం ఫేజ్ తేడా వల్ల, అంటే రెండు తరంగాల ఎత్తుపల్లాలు ఒకేసారి రాకపోవడం వల్ల. నేరుగా వచ్చే సంకేతానికి ఆలస్యం లేదు; మైకు అడుగు దూరంలో ఉంటే శబ్దం దాన్ని చేరడానికి సుమారు 0.9 మిల్లీసెకన్లు పడుతుంది. అంత ఆలస్యానికి 560 హెర్ట్జ్ ప్రాంతంలో ఒక తరంగం పైకి లేచేసరికి రెండోది కిందికి దిగి, ఒకదాన్నొకటి చెరుపుకుంటాయి. కంప్యూటర్ తెర మీద రెండు తరంగాలనూ పెద్దవి చేసి చూసి, ఆలస్యంగా వచ్చిన మైకు ట్రాకును ఎడమవైపుకు జరిపి సరిచేయండి. అప్పటికీ అడుగు స్వరాలు బలహీనంగా ఉంటే ఒక ట్రాకుకు ఫేజ్ తిప్పే బటన్ నొక్కి, ఏది నిండుగా ఉందో చెవితోనే తేల్చుకోండి.

ఫోన్ సంగతి వేరు. మీ నాలుగు వట్టి తీగల స్వరాలూ 41 నుంచి 98 హెర్ట్జ్ లోపలే ఉన్నాయి; ఫోన్‌లోని చిన్న స్పీకరు వాటిని పలికించలేదు. చాలామంది ఇక్కడే పొరబడి 60 హెర్ట్జ్ దగ్గర ఈక్యూ (ఒక్కో స్థాయి ధ్వనిని పెంచి తగ్గించే సాధనం) పెంచుతారు. ఫోన్‌లో ఏమీ మారదు, కారులో వింటే మాత్రం తలుపులు అదురుతాయి. 41 హెర్ట్జ్ స్వరంతో పాటు 82, 123, 164 హెర్ట్జ్‌లూ, ఆ పై గుణిజాలూ పలుకుతాయి. అవి స్పష్టంగా వినిపిస్తే మూలస్వరం లేకపోయినా మెదడు దాన్ని ఊహించుకుంటుంది. కాబట్టి ట్రాకుకు నకలు తీసి, అందులో 200 హెర్ట్జ్ కింది భాగం కోసేసి, కొద్దిగా డిస్టార్షన్ (ధ్వనిని గరుకుగా చేసే ప్రభావం) ఇచ్చి, అసలు ట్రాకు కింద వినీ వినబడనట్టు కలపండి.

రెండిట్లో ఏదో ఒకటే ఎంచుకోవలసివస్తే నా ఓటు నేరుగా తీసిన ట్రాకుకే. శుభ్రంగా తీసిన ఆ ట్రాకును తరువాత మంచి గదిలోని ఆంప్ గుండా మళ్లీ పంపి మైకుతో పట్టుకోవచ్చు. గది గుమ్మును మోసుకొచ్చిన మైకు ట్రాకును మాత్రం తరువాత శుభ్రం చేయడం చాలా కష్టం.

ప్రశ్న: రికార్డింగుకు ముందు కొత్త తీగలు తప్పక వేయాలా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: మీకు ఏ ధ్వని కావాలన్నదాన్ని బట్టి ఉంటుంది. 1960లలో అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో మోటౌన్ సంస్థ రికార్డులకు వాయించిన జేమ్స్ జేమర్సన్ తన ఫెండర్ ప్రెసిషన్ బేస్ మీద నున్నటి ఫ్లాట్‌వౌండ్ తీగలు వాడేవారు, వాటిని మార్చడానికి ఇష్టపడేవారు కాదు. ఆయన గిటారును అక్కడ ఎక్కువగా నేరుగా కన్సోల్‌కే (రికార్డింగు మిక్సర్‌కే) కలిపేవారు. ఆ మెత్తని, మొద్దు స్వరం కావాలంటే పాత తీగలే మీకు ఆస్తి. బొటనవేలితో కొట్టి వాయించే స్లాప్ పద్ధతికి మాత్రం కొత్త, గరుకైన రౌండ్‌వౌండ్ తీగలు కావాలి. వాటిని రికార్డింగు రోజు ఉదయం కాక, ఒకటి రెండు రోజుల ముందే వేసి, సాగదీసి, శ్రుతి నిలిచాక వట్టి తీగ స్వరాన్నీ 12వ ఫ్రెట్ స్వరాన్నీ ట్యూనర్‌తో పోల్చి చూడండి. రెండూ కచ్చితమైన అష్టకంలో లేకపోతే బ్రిడ్జి దగ్గరి శాడిల్‌ను (తీగ ఆనే చిన్న ముక్కను) సరిచేసుకున్న తరువాతే స్టూడియోకు బయలుదేరండి.