పొడవాటి బ్యారెల్ ఉంటే గురి పెరుగుతుందా?

మీరు అడిగింది రెండు ముక్కల్లో: "26 అంగుళాల బ్యారెల్ ఉన్న రైఫిల్ తీసుకోవాలా, 20 అంగుళాలది చాలా? పొడుగు పెరిగితే వేగమూ గురీ రెండూ పెరుగుతాయంటున్నారు, నిజమేనా?" వేగం విషయంలో చాలావరకు నిజమే. గురి విషయంలో మాత్రం నేనూ మీలాగే నమ్మి, ఒక సీజనంతా తప్పు చోట వెతికాను.

అప్పట్లో నేను 50 మీటర్ల మీద .22 రైఫిల్‌తో (గొట్టం లోపలి వ్యాసం సుమారు 0.22 అంగుళాలు) పడుకుని కాల్చేవాణ్ని. నాది 20 అంగుళాల బ్యారెల్. గ్రూపులు, అంటే వరసగా కాల్చిన గుండ్లు టార్గెట్ మీద పడే గుంపులు, చెదిరిపోతుంటే, "బ్యారెల్ పొట్టిది కదా" అని సరిపెట్టుకునేవాణ్ని. ఓ రోజు రేంజ్‌లో తోటి షూటర్ తన 26 అంగుళాల రైఫిల్ ఇచ్చి కాల్చి చూడమన్నాడు. మొదటి పది తూటాలకే తేడా కనిపించింది. గుండ్లన్నీ ముద్దగా పడ్డాయి. ఇంకేముంది, ఆ రాత్రి నుంచే కొత్త రైఫిల్‌కి డబ్బులెలా సర్దాలా అని లెక్కలు.

మా కోచ్ మాత్రం తొందరపడొద్దన్నారు. రెండు రైఫిళ్లకూ ఒకే స్కోప్ (గురి చూసే దుర్భిణి) మార్చి మార్చి బిగించి, ఒకే బ్యాచ్ తూటాలతో, ఇసుక సంచి మీద ఆనించి కాల్చమన్నారు. ఐదేసి కాదు, పదేసి తూటాల గ్రూపులు, నాలుగేసి సార్లు. చూస్తే తేడా మాయం. రెండూ ఇంచుమించు ఒకేలా కొట్టాయి.

మరి మొదటి రోజు తేడా ఎక్కడి నుంచి వచ్చింది? సైట్ల నుంచి, అంటే గురి చూసుకునే అమరికల నుంచి. చిన్న రంధ్రంలోంచి చూసే ఎపర్చర్ సైట్‌తో కాల్చేటప్పుడు వెనక సైట్‌కీ ముందు సైట్‌కీ మధ్య దూరమే ముఖ్యం. ఆ దూరం 60 సెంటీమీటర్లు అనుకోండి. ముందు సైట్‌ని కన్ను 0.1 మిల్లీమీటరు పక్కకి కుదిర్చినా 50 మీటర్ల దగ్గర గుండు దాదాపు 8 మిల్లీమీటర్లు తప్పుతుంది. అదే 80 సెంటీమీటర్లయితే తప్పు 6 చిల్లర. 50 మీటర్ల టార్గెట్ మీద పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లే కాబట్టి, ఈ రెండు మిల్లీమీటర్లు స్కోరులో బాగానే తెలుస్తాయి. స్కోప్ పెట్టగానే ఈ లెక్కకి పనిలేదు. అందుకే తేడా పోయింది. అన్నట్టు, చాలా మ్యాచ్ ఎయిర్ రైఫిళ్లలో అసలు బ్యారెల్ 42 సెంటీమీటర్లకు అటూ ఇటూగానే ఉంటుంది. మిగతాది ముందు సైట్‌ని దూరంగా జరపడానికి తొడిగిన ఖాళీ గొట్టం. బయటి నుంచి చూసి అంతా బ్యారెలే అనుకుంటాం.

ఇక వేగం. తూటాలో మందు కాలి పుట్టిన గ్యాస్ గుండుని ఎంత దూరం తోస్తే అంత వేగం. కానీ గుండు ముందుకి వెళ్లేకొద్దీ వెనక ఖాళీ పెరిగి ఒత్తిడి పడిపోతుంది, రాపిడి మాత్రం అలాగే ఉంటుంది. .22లో మందు చిటికెడే. 16 నుంచి 19 అంగుళాల దగ్గరే వేగం దాదాపు గరిష్ఠానికి చేరుతుంది, ఆ తర్వాత బ్యారెల్ ఉత్త బరువే. గుండు వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ పెట్టి చూస్తే ఆ 26 అంగుళాల రైఫిల్‌లో గుండు నాదాని కంటే సెకనుకి నాలుగైదు మీటర్లు తక్కువ వేగంతో వచ్చింది. మొదట యంత్రం పాడైందనుకున్నాను! అయినా .22లో వేగం కోసం తాపత్రయపడక్కర్లేదు. మ్యాచ్ తూటాలను కావాలనే ధ్వని వేగానికి, అంటే సెకనుకి సుమారు 340 మీటర్లకు, కాస్త కింద ఉండేలా చేస్తారు. ఆ గీత దాటి మళ్లీ కిందికి వచ్చే గుండు దారిలో కుదుపులకు లోనవుతుంది.

.308 లాంటి పెద్ద తూటాల సంగతి వేరు. వాటిలో మందు ఎక్కువ, కాలడానికి చోటు కావాలి. అంగుళం తగ్గితే సెకనుకి 6 నుంచి 8 మీటర్లు పోతుంది. 24 అంగుళాల నుంచి 20కి దిగితే సెకనుకి సుమారు 800 మీటర్ల వేగంలో పాతికో ముప్ఫైయో తగ్గినట్టు. ఇంకా ఎక్కువ మందు పట్టే మాగ్నమ్ తూటాలకి నష్టం ఇంకా ఎక్కువ. అయితే 100 మీటర్ల దగ్గర దీనివల్ల గుండు అదనంగా దిగేది అర సెంటీమీటరు. సైట్ ఒకటి రెండు క్లిక్కులు తిప్పితే సరి. 600 మీటర్లు దాటాక, గాలి గుండుని పక్కకి నెట్టేటప్పుడు ఆ వేగం విలువ తెలుస్తుంది.

పొట్టి బ్యారెల్‌కి ఒక మేలు కూడా ఉంది, ఎవరూ చెప్పరు. ఒకే మందం ఉంటే పొడవు తగ్గేకొద్దీ బిగువు, అంటే వంగకుండా నిలిచే గుణం, పొడవు ఘనం లెక్కన పెరుగుతుంది. 24 అంగుళాలది 20కి తగ్గిస్తే అదే బలానికి దాదాపు 1.7 రెట్లు తక్కువ వంగుతుంది. కాల్చినప్పుడు బ్యారెల్ కంపిస్తుంది కాబట్టి ఈ బిగువు పనికొస్తుంది. పైగా గుండు త్వరగా బయటపడుతుంది. .22లో గుండు గొట్టంలో ఉండేది రెండు మిల్లీసెకన్లే అయినా, ట్రిగ్గర్ నొక్కగానే తల ఎత్తి చూసే నాలాంటి వాళ్లకి ఆ కాస్త కూడా ఎక్కువే. ఆ అలవాటు మానడానికి నాకు ఆర్నెల్లు పట్టింది, స్కోరు పెరిగింది మాత్రం దానివల్లే.

కాబట్టి మీరు కాల్చేది .22 అయి, స్కోప్ పెట్టేటట్టయితే 20 అంగుళాలది తీసుకోండి, మిగిలిన డబ్బుతో మంచి తూటాలు కొనండి. ఎపర్చర్ సైట్‌తో పడుకుని కాల్చేటట్టయితే పొడవుది, లేదా ముందు గొట్టం తొడిగినది. నిలబడి కాల్చేవాళ్లు మాత్రం ముందు భుజానికెత్తి చూసుకోవాలి. ముందు బరువు కొందరికి నిలకడనిస్తుంది, కొందరి చేతిని పది నిమిషాల్లో వణికిస్తుంది.

పాత రైఫిల్ కొంటుంటే కొలత టేపు పక్కన పెట్టి బ్యారెల్ మూతి అంచు చూడండి. తుపాకీ ఖాళీగా ఉందని నిర్ధారించుకుని, బోల్ట్ (బ్యారెల్‌ని వెనక నుంచి మూసే కడ్డీ) బయటకు తీసేసి, దూది పుల్లని లోపలి అంచు చుట్టూ మెల్లగా తిప్పండి. ఎక్కడైనా దూది పోగు పట్టుకుందంటే అక్కడ గాటు ఉన్నట్టే. గుండు వెళ్లిపోయే చివరి క్షణంలో గ్యాస్ ఒక పక్కగా తోస్తుంది. అలాంటి 26 అంగుళాలదాని కంటే అంచు శుభ్రంగా ఉన్న 18 అంగుళాలదే నయం.