కర్నూలుకు బదిలీ మీద వస్తున్నారా? ముందు రెండు నదుల సంగతి వినండి

మీ ఆయనకు కర్నూలు బదిలీ అయిందని, ఇద్దరు పిల్లలతో వస్తున్నామని, ఊరు ఎలా ఉంటుందో, ఇల్లు ఎటువైపు చూసుకోవాలో చెప్పమని అడిగారు. నేను 2006 నుంచి పదకొండేళ్లు అక్కడే ఉన్నాను. నా చిన్నబిడ్డ పుట్టింది ఆ ఊళ్లోనే.

ఇంటి సంగతి ముందు చెప్తాను. కర్నూలు తుంగభద్ర ఒడ్డున ఉంది. హంద్రీ వచ్చి అందులో కలిసేది కూడా ఇక్కడే. ఏడాదిలో ఎక్కువ రోజులు హంద్రీని చూస్తే ఇది నదేనా అనిపిస్తుంది, అంత సన్నగా పారుతుంది. మేమూ అట్లనే అనుకుని పాతబస్తీలో, బడికీ బజారుకూ దగ్గరని మొదటి అంతస్తులో అద్దెకు దిగాం. 2009 అక్టోబర్ 2న వరద వచ్చింది. మొదట మురుగు కాలువలోంచి నీళ్లు ఎగదన్నాయి. కింది ఇంట్లోవాళ్లు బియ్యం మూటలు మంచాల మీదికి ఎక్కించారు. చీకటి పడేసరికి ఆ మంచాలే మునిగిపోయాయి. వాళ్ల అవ్వను నలుగురం పట్టుకుని మిద్దె మీదికి చేర్చాం. రెండు రాత్రులు అందరం అక్కడే. నీళ్లు పోయాక మిగిలిన బురదనూ, నానిన బియ్యం వాసననూ నేను మర్చిపోలేదు. ముఖం కూడా తెలియని మనుషులు అన్నం పొట్లాలు తెచ్చి చేతిలో పెట్టడమూ మర్చిపోలేదు.

అందుకే ఏ ఇల్లు చూసినా "2009లో ఇక్కడ నీళ్లు ఎంతదాకా వచ్చాయి?" అని పక్కింటివాళ్లను అడగండి. వెంటనే చెప్తారు. మేం తర్వాత బి క్యాంప్ వైపు మారాం, అటు కాస్త ఎత్తు. క్యాంప్ అనే పేరెందుకంటే, 1953 అక్టోబర్ 1 నుంచి 1956 నవంబర్ 1 దాకా ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలే రాజధాని. వచ్చిన ఉద్యోగులకు ఇళ్లు చాలక గుడారాలు వేశారు. ఎ క్యాంప్, బి క్యాంప్, సి క్యాంప్ అప్పటి పేర్లే. సి క్యాంప్‌లో రైతుబజారు ఉంది, కూరగాయలకు ఇబ్బంది ఉండదు.

వైద్యానికి భయపడక్కర్లేదు. మెడికల్ కాలేజీ, పెద్ద ప్రభుత్వాసుపత్రి ఊళ్లోనే ఉన్నాయి. గద్వాల వైపు నుంచీ, కర్ణాటక సరిహద్దు నుంచీ కూడా జనం ఇక్కడికే వస్తారు. హైదరాబాద్ 44వ నంబరు జాతీయ రహదారి మీద నాలుగు గంటల దారి. సికింద్రాబాద్ నుంచి తుంగభద్ర ఎక్స్‌ప్రెస్ ఉంది. ఓర్వకల్లు దగ్గర 2021లో విమానాశ్రయం వచ్చింది కానీ విమానాలు తక్కువ, దాన్ని నమ్ముకోకండి.

పొద్దున టిఫిన్ అంటే ఉగ్గాని, బజ్జీ. బొరుగులు నానబెట్టి, నీళ్లు పిండేసి, తాళింపు వేసి, పైన పుట్నాల పొడి చల్లుతారు. వేడి మిరపకాయ బజ్జీ పక్కన లేకపోతే అది ఉగ్గానే కాదంటారు మావాళ్లు. జొన్నరొట్టెలు చేసి అమ్మేవాళ్లు చాలా మంది ఉంటారు, ఊరిబిండితో, అంటే శెనక్కాయల పచ్చడితో తినండి. మాట కొంచెం గట్టిగా వినిపిస్తుంది. "యాడికి పోతాండావమ్మా?" అని అడిగితే కోపం కాదు, ఆప్యాయతే.

పిల్లల్ని కొండారెడ్డి బురుజు ఎక్కించండి, ఊరంతా కనిపిస్తుంది. ఆదివారం అలంపురం వెళ్లిరండి. తుంగభద్ర దాటి ముప్పై కిలోమీటర్లలోపే నవబ్రహ్మ ఆలయాలు, జోగులాంబ గుడి. ఆ గుళ్లకు రాళ్లు మోసిన బండ్లు నది దాటేముందు ఇక్కడ ఆగి ఇరుసులకు కందెన రాసుకునేవట. కందెనవోలు అన్న పేరు అట్లా వచ్చి కర్నూలు అయిందని ఊళ్లో చెప్పుకుంటారు. నది దాటేటప్పుడు మా పిల్లలు ప్రతిసారీ ఆ కథే చెప్పించుకునేవాళ్లు.

ఇక ఎండ. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటుతుంది, చంటిపిల్లలుంటే చాలా కష్టం. వేసవిలో నీళ్లకూ ఇబ్బందే, సంపు ఎంత పెద్దదో, బోరు ఉందో లేదో కనుక్కోండి. పై అంతస్తు ఇల్లు నచ్చితే సాయంత్రం చూసి అడ్వాన్స్ ఇవ్వకండి. మధ్యాహ్నం రెండింటికి వెళ్లి, ఫ్యాన్ వేసుకుని ఓ పావుగంట కూర్చుని చూడండి.