తారు రోడ్డుకు మళ్లీ పొర ఎప్పుడు?

ప్రశ్న: మా ఊరికి పీఎంజీఎస్‌వై (ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన) కింద వేసిన బీటీ (తారు) రోడ్డుకు ఐదేళ్ల నిర్వహణ గడువు ఈ ఏటితో ముగుస్తోంది. అక్కడక్కడా కంకర లేస్తోంది. మళ్లీ పొర ఎప్పుడు వేయించాలో ముందే లెక్కకట్టవచ్చా?
– ఓ వార్డు సభ్యుడు, నల్గొండ జిల్లా

జవాబు: కట్టవచ్చు. రోడ్డు వయసును బట్టి కాదు, పాడయ్యే వేగాన్ని బట్టి. బాగున్నచోటా, బాగులేనిచోటా కలిపి వంద మీటర్ల ముక్కలు మూడు ఎంచుకుని, అంచున రంగుతో గుర్తుపెట్టండి. ఏటా మే నెలలో, డిసెంబరులో అవే ముక్కల్ని కొలవాలి. పగులు, లేచిన కంకర, గుంత, దేని చుట్టూ అయినా సుద్దతో డబ్బా గీసి పొడవు, వెడల్పు రాసుకోండి. రోడ్డు వెడల్పు 3.75 మీటర్లయితే ముక్క 375 చదరపు మీటర్లు. అందులో 7.5 పాడైతే 2 శాతం.

ప్యాచ్ వేసిన చోటునూ పాడైన లెక్కలోనే వేయండి. చాలామంది దీన్ని వదిలేస్తారు. ప్యాచ్‌లు పడిన ఏడాది రోడ్డు బాగుపడినట్టు కనిపించి అంచనా తలకిందులవుతుంది.

డిసెంబరును డిసెంబరుతోనే పోల్చాలి. వరసగా 2, 4, 8 శాతం వస్తే తర్వాతిది 12 కాదు, 16 అనుకోండి. ఒక రాయి ఊడితే పక్కరాయికి ఆసరా పోతుంది, ఆ సందులోంచి నీరు దిగుతుంది. 10 శాతం దాటకముందే పొర పడాలన్నది మా సలహా. ఎస్టిమేట్‌కూ టెండరుకూ ఏడాది పోతుంది కనుక 4 శాతం దగ్గరే అర్జీ పెట్టండి.

ఊడిన రాయిని చేతిలోకి తీసుకుని చూడండి. అంటుకున్న తారు గోటితో గీస్తే పొడిగా రాలితే, అది ఎండకు పెళుసెక్కిందన్నమాట. బండ్లు తక్కువ తిరిగే రోడ్డుకూ ఇది తప్పదు. రాయి ఒళ్లు తెల్లగా బయటపడితే తారును నీరు ఒలిచేసింది. దుమ్ము పట్టిన కంకర వాడినా అంతే.

చక్రాల జాడలో మొసలి చర్మంలాంటి పగుళ్లుండి, వాన వెలిశాక అందులోంచి బురద ఉబికితే పొరతో పని జరగదు. లోపలి మెటల్ (తారు కింది కంకర పొర) చెడింది. తవ్వి బాగుచేయకుండా పైన పొర పరిస్తే అవే పగుళ్లు మళ్లీ తేలతాయి. పక్క కాలువ పూడిందేమో కూడా చూడండి.

ప్రశ్న: కిలోమీటరుకు తారు ఎంత పడుతుంది?

జవాబు: 20 మి.మీ. ప్రీమిక్స్ కార్పెట్‌కు (తారు, చిన్న కంకర ముందే కలిపి పరిచే పొర) 10 చదరపు మీటర్లకు తారు 14.6 కిలోలు, చిప్స్ (చిన్న కంకర) 0.27 ఘనపు మీటర్లు. పైన ఇసుకతో వేసే ‘బి’ రకం సీల్‌కోట్‌కు (నీరు దిగకుండా మూసే పైపూత) మరో 6.8 కిలోల తారు. 3.75 మీటర్ల వెడల్పుకు కిలోమీటరుకు తారు సుమారు 8 టన్నులు, టాక్‌కోట్ (కొత్త పొర అంటుకోవడానికి ముందు చల్లే తారు) దీనికి అదనం. కార్పెట్‌కు చిప్స్ 101 ఘనపు మీటర్లు.