పాముమంత్రం వేసే తాతని దూరం పెట్టకు

నాయనా చిన్నా,

మన నెల్లూరు పక్కనే పీహెచ్‌సీలో చేరావని వదిన చెప్పింది, చాలా సంతోషం. ఇన్నేళ్ళు నర్సుగా చేసిన మేనత్తగా ఒక్కటి చెప్తా, వానలు పడకముందే చెయ్యి. నీ కిందున్న ఊళ్ళల్లో పాముమంత్రం వేసేవాళ్ళు ఎవరెవరో కనుక్కుని, ఒక్కొక్కరి ఇంటికీ నువ్వే వెళ్ళు. వాళ్ళని ఆస్పత్రికి పిలిపించుకోవద్దు.

ఆ పెద్దమనిషి మీద జనానికి నమ్మకం ఊరికే రాలేదు. అర్ధరాత్రి తలుపు కొట్టినా లేస్తాడు, చాలామంది పైసా ముట్టరు, ముడితే మంత్రం పారదంటారు. పైగా కరిచేవాటిలో విషం లేని పాములే ఎక్కువ, విషప్పాము కూడా ఒక్కోసారి విషం ఎక్కించకుండా వదిలేస్తుంది, అలా బతికినవాళ్ళంతా మంత్రంతోనే బతికామనుకుంటారు. అది తప్పని నలుగురిలో వాదించావంటే, రేపు కాటు పడ్డవాడు నీ గడప తొక్కడు.

"మంత్రం వెయ్యి తాతా, మనిషికి ధైర్యం వస్తుంది, కాకపోతే బండెక్కించాక వెయ్యి" అను. కాటు మీద కొయ్యొద్దు, బిగించి కట్టొద్దు, వేపాకు నమిలించి చేదు తెలుస్తోందా అని చూస్తూ కూర్చోవద్దని నచ్చజెప్పు. కట్లపాము సంగతి మాత్రం విడమరిచి చెప్పాలి. నేల మీద పడుకున్నవాళ్ళని రాత్రిపూట కరుస్తుంది, నొప్పీ వాపూ పెద్దగా ఉండవు, గాటు కూడా కనపడకపోవచ్చు, కాసేపటికి కడుపునొప్పి అంటారు, రెప్పలు వాలిపోతాయి, ఆ తర్వాత ఊపిరే అందదు. ఆ వాలే రెప్పల్ని నీకంటే ముందు చూసేది ఆయనే.

రక్తపింజరి అనుమానం ఉంటే ఆయన్ని పక్కనే నిలబెట్టుకో. శుభ్రమైన పొడి గాజుగొట్టంలో కాస్త రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి వంచు. గడ్డకట్టకుండా నీళ్ళలా జారిందంటే విషం ఎక్కినట్టే. అది ఒక్కసారి కళ్ళారా చూస్తే ఆయనకి ఇంకేమీ చెప్పక్కర్లేదు. మన పాముకాటు సూదిమందు యాంటీవెనమ్‌కి కావలసిన విషంలో చాలాభాగం తీసేది కూడా మద్రాసు దగ్గర ఇరుల అనే పాములు పట్టే గిరిజనులు నడిపే సొసైటీనే, 1978లో పెట్టుకున్నారు. ఈ మాట యానాది పెద్దలకి తప్పకుండా చెప్పు, వాళ్ళూ పాముల్ని తరతరాలుగా ఎరిగినవాళ్ళే.

రోగితో పాటు వస్తే బయట నిలబెట్టకు, మంచం పక్కన స్టూలు వేయించు. మనిషి కోలుకున్నాక తాత టైముకి పంపాడు కాబట్టే దక్కాడని ఊళ్ళో నువ్వే చెప్పు. ఈలోపు యాంటీవెనమ్ స్టాకు, ఆ మందు పడకపోతే వెంటనే ఇవ్వడానికి పక్కన అడ్రినలిన్ ఉన్నాయో లేవో ఈ వారమే చూసుకో. ఆయన పంపిన మనిషికి నీ దగ్గర మందు లేకపోతే, రెండోసారి పంపడు.

మీ అత్త