.22 తూటాకు వేగం ఎక్కువైతే గురి కుదురుతుందా?

ప్రశ్న: క్లబ్బులో 50 మీటర్ల రైఫిల్ మొదలుపెట్టాను. హై వెలాసిటీ తూటాలు వాడితే స్కోరు పెరుగుతుందా? .22కు పీడనం అంత తక్కువగా ఎందుకు పెట్టారు?

జవాబు: పెరగదు, తగ్గే అవకాశమే ఎక్కువ. పోటీలకు వాడే మ్యాచ్ తూటా సెకనుకు 320–330 మీటర్ల వేగంతో బయల్దేరుతుంది. ధ్వని వేగం 20 డిగ్రీల దగ్గర 343 మీటర్లు కాబట్టి ఆ బుల్లెట్ మొదటి నుంచీ దాని కిందే ఉంటుంది. హై వెలాసిటీది 380 దాకా వెళ్లి, దారిలో ధ్వని వేగానికి దిగుతుంది. ఆ దిగే చోట గాలి కుదుపు తగిలి గ్రూపు, అంటే టార్గెట్ మీద తూటాలు పడే గుంపు, విచ్చుకుంటుంది.

పీడనం సంగతికొస్తే, అసలు కిటుకంతా రిమ్ములోనే, అంటే తూటా ఇత్తడి గొట్టం (కేసు) అడుగున మడిచిన అంచులోనే, ఉంది. నిప్పు రాజేసే మందు (ప్రైమర్) ఆ మడతలోనే ఉంటుంది. ఫైరింగ్ పిన్ దాన్ని నలిపితేనే పేలుతుంది. అందుకే ఇత్తడి పల్చగా ఉండాలి, పల్చటి ఇత్తడి ఎక్కువ ఒత్తిడికి ఆగదు. అమెరికా ప్రమాణాల సంస్థ సామీ ఈ తూటాకు, అంటే .22 లాంగ్ రైఫిల్‌కు పెట్టిన గరిష్ఠం చదరపు అంగుళానికి 24,000 పౌన్లు. ప్రైమర్ విడిగా, అడుగు మందంగా ఉండే .223 రెమింగ్టన్‌కు అది 55,000.

హద్దు దాటినా, తూటాను వెనక నుంచి మూసే బోల్టు పూర్తిగా మూసుకోకపోయినా రిమ్ము చిట్లి వేడి గ్యాసు వెనక్కి తన్నుతుంది. కళ్లద్దాలు లేకుండా ఎప్పుడూ కాల్చకండి. ఖాళీ కేసుల అడుగు ఉబ్బినా, చీలినా ఆ పెట్టె పక్కన పెట్టేయండి. సీసీఐ కంపెనీ స్టింగర్ లాంటి తూటాల కేసు మామూలు దానికన్నా పొడుగు, బిగుతైన మ్యాచ్ ఛాంబరులో (రైఫిల్లో తూటా కూర్చునే చోటు) అస్సలు వాడొద్దు. తూటాలను ఎండలో నిలిపిన కారులోనూ వదలకండి, వేడెక్కితే పీడనం పెరుగుతుంది.