పీతల ఎగుమతికి భోగాపురం విమానాశ్రయం పక్కనే యూనిట్ పెట్టాలా?

అమలాపురం వైపు నుంచి బతికున్న మడ పీతలు ఎగుమతి చేయాలనుకుంటున్నామని, భోగాపురంలో అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయం వస్తోంది కాబట్టి అక్కడే స్థలం కొనాలా అని అడిగారు. నేను భీమవరంలో చాలా ఏళ్లుగా ఇదే వ్యాపారంలో ఉన్నానండి. స్థలం కొనొద్దు. పీతలు కొనే చోటు కోనసీమలోనే ఉంచండి, విమానాశ్రయం దగ్గర చిన్న ప్యాకింగ్ గది అద్దెకు తీసుకోండి.

మా సరుకు ఇన్నాళ్లూ చెన్నై మీదుగానే వెళ్లింది. సాయంత్రం బుట్టలు సర్కార్ ఎక్స్‌ప్రెస్‌లో వేస్తే తెల్లారేసరికి చెన్నై చేరాలి. బండి లేటైతే మే నెల ఉక్కకి టెన్షనే. చచ్చిన పీతకు ఎవరూ పైసా ఇవ్వరు. దానికన్నా పెద్ద నష్టం ఇంకోటుంది. గ్రేడింగ్ అక్కడి ఎగుమతిదారు చేతిలో ఉంటుంది. ‘కండ లేదు’ అని పక్కన పడేస్తే ఇక్కడినుంచి మనం ఏం వాదిస్తాం? విమానానికి ముందు చివరి ప్యాకింగ్ మన చేత్తో జరిగితే ఆ కోత తప్పుతుంది. విమానాశ్రయం దగ్గర ఉండటంలో నాకు కనిపించే అసలు లాభం ఇదే.

సరుకు గంటల్లో పాడయ్యేదై, కిలోకి మంచి ధర పలికేదైతేనే ఈ లెక్క నిలుస్తుంది. నరసాపురం లేసుకి విమానాశ్రయం ఎంత దూరమైతే ఏంటి? కడియం మొక్కలు ఎలాగూ లారీల్లోనే పోతాయి. రొయ్యల హేచరీలవాళ్ల సంగతీ చూడండి. విదేశాల నుంచి వచ్చే తల్లి రొయ్యలు ఇన్నేళ్లూ చెన్నైలో దిగి, అక్కడి నీలాంగరై క్వారంటైన్ కేంద్రంలో తనిఖీ దాటాకే మనవైపు వచ్చాయి. తనిఖీ ఎక్కడ జరిగితే దారి అటే.

గేటు పక్కనే ఉండాలన్న పట్టుదల కూడా వద్దు. హైదరాబాద్‌లో టీకాల కంపెనీలుండే జీనోమ్ వ్యాలీ ఊరికి ఉత్తరాన శామీర్‌పేట వైపు, 2008లో మొదలైన శంషాబాద్ విమానాశ్రయం దక్షిణాన. అయినా అక్కడి టీకాలు ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా విమానానికి అందుతున్నాయి. మీకు రాజమండ్రి నుంచి భోగాపురం దాదాపు 235 కిలోమీటర్లు, పదహారో నంబరు హైవే. రాత్రి బయల్దేరితే పొద్దున్నకి చేరే దూరమే.

ఖర్చులో చాలామంది చూసుకోనిది పెట్టె సైజు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 6000తో భాగిస్తే వచ్చే కిలోలు, అసలు బరువు, రెంటిలో ఏది ఎక్కువైతే దానికే ఛార్జీ కట్టాలి. 60, 45, 40 కొలతల థర్మాకోల్ పెట్టె 18 కిలోల కింద లెక్క. అందులో 15 కిలోలే పట్టాయంటే మిగతా 3 కిలోలకి ఊరికే కట్టినట్టు. ముందు పెట్టె కొలత ఖాయం చేసుకుని, తర్వాత గది చూడండి.

కొత్త విమానాశ్రయంలో మొదట్లో విదేశీ సర్వీసులు తక్కువగానే ఉంటాయి. చిన్న విమానాల్లో సరుకుకి చోటు అంతంతమాత్రం. చెన్నై ఏజెంటుని అప్పుడే వదులుకోకండి. మీ కొనుగోలుదారు ఉన్న ఊరికి ఏ రోజుల్లో విమానం ఉంది, బతికున్న సరుకు తీసుకుంటారా, ఎన్ని గంటలకల్లా అప్పగించాలి, కస్టమ్స్ అక్కడే అవుతుందా అని కార్గో వాళ్లని అడగండి. ఆ జవాబులు వచ్చాకే అద్దె మాట్లాడండి, అదీ ఏడాది ఒప్పందానికే.