టెక్ సందేహాలు: నంబరు మారితే పాత నంబరుకు చెప్పాలి

ప్రశ్న: మాది రాయగడ జిల్లా గుణుపురం. ఇంజినీరింగ్ చివరి ఏడాది చదువుతున్నాను. ఆదాయపు పన్ను, ప్రభుత్వ పథకాల సొమ్ము రెండింటినీ ఒకే ఖాతాలో చూసుకునే పోర్టల్ నమూనాను ప్రాజెక్టుగా చేస్తున్నాం. ఖాతాలో ఏం జరిగినా ఎస్సెమ్మెస్ వెళ్లేలా పెట్టాం. ఇన్ని సందేశాలు ఎవరూ చదవరని మా గైడు అంటున్నారు. ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి?

జవాబు: మీ గైడు గారి మాట సబబే. లాగిన్ అయిన ప్రతిసారీ ఒక సందేశం వస్తుంటే నాలుగో రోజుకే చదవడం మానేస్తారు. ఖాతా నిజంగా చేయి దాటిపోతున్న రోజు వచ్చిన సందేశం కూడా ఆ గుంపులోనే కలిసిపోతుంది. ప్రతి సంఘటన దగ్గరా ఒక్కటే అడగండి: ఇది ఖాతాదారు చేసిన పని కాకపోతే, తరువాత సరిదిద్దుకోగలరా? తెలిసిన ఫోన్ నుంచి లాగిన్ కావడం, చెల్లింపు వివరాలు చూసుకోవడం వంటివి ఖాతాలోని చరిత్ర పేజీలో నమోదైతే చాలు. ఆధార్ వెబ్‌సైటులో గత ఆరు నెలల్లో మన ఆధార్‌ను వాడి జరిగిన ధ్రువీకరణలను, ఒకసారికి గరిష్ఠంగా 50 వరకు, చూసుకునే వీలుంది. అటువంటి పేజీ మీ నమూనాలోనూ ఉండాలి. మొబైల్ నంబరు, ఈమెయిల్, బ్యాంకు ఖాతా మారినా, పాస్‌వర్డ్ రీసెట్ చేసినా, రిటర్ను దాఖలైనా, మరొకరికి అధికారం ఇచ్చినా మాత్రం వెంటనే సందేశం వెళ్లాలి. వీటిని ఆపుకునే సదుపాయం ఎవరికీ ఇవ్వవద్దు.

వీటన్నింటిలోనూ ముఖ్యమైనది నంబరు మార్పు. ఇతరుల ఖాతాలోకి చొరబడినవాడు మొదట చేసే పని మొబైల్ నంబరు మార్చడమే, ఎందుకంటే ఆ తరువాతి ఓటీపీలూ సందేశాలూ అన్నీ వాడికే వెళతాయి, అసలు ఖాతాదారుకు ఏమీ తెలియదు. కాబట్టి మార్పు సందేశం కొత్త నంబరుతో పాటు పాత నంబరుకూ, పాత ఈమెయిల్‌కూ తప్పనిసరిగా వెళ్లాలి, అదీ మార్పు అమలులోకి రాకముందే వెళ్లాలి. బ్యాంకు ఖాతా మారినప్పుడు కొద్ది రోజుల పాటు చెల్లింపు నిలిపి ఉంచడం కూడా నా దృష్టిలో న్యాయమే. రెండు రోజుల ఆలస్యాన్ని ఎవరైనా భరిస్తారు; పోయిన డబ్బును రాబట్టుకోవడం మాత్రం కష్టం.

మన ప్రాంతంలో ఇంకో చిక్కు ఉంది. ఒడిశాలో సుభద్ర పథకం కింద రాఖీ పూర్ణిమకు 5,000, మహిళా దినోత్సవానికి 5,000 రూపాయలు మహిళల ఖాతాల్లో పడతాయి. సొంత ఫోన్ లేని ఆమె దరఖాస్తులో కొడుకు నంబరో, పొరుగువారి నంబరో, సేవా కేంద్రం నడిపే అబ్బాయి నంబరో పడితే, డబ్బు వచ్చిందన్న సంగతి ఆమెకు తప్ప అందరికీ తెలుస్తుంది. ఒకే నంబరు చాలా ఖాతాలకు కనిపించినప్పుడు మీ పోర్టల్ దానిని గుర్తించి, ఆ నంబరు ఎవరిదని అడగాలి. ఫోన్ లేనివారికి పోస్టులో ఉత్తరం పంపే ఏర్పాటు పాతకాలపుదని తీసిపారేయకండి.

‘5,000 రూపాయలు జమ అయ్యాయి’ అన్న సందేశం కూడా చాలదు. ఆధార్ ఆధారిత చెల్లింపు చివరిగా అనుసంధానమైన బ్యాంకు ఖాతాకే వెళుతుంది. అందువల్ల రెండు మూడు ఖాతాలు ఉన్నవారు పాత పాస్‌బుక్ పట్టుకుని డబ్బు రాలేదని తిరుగుతుంటారు. బ్యాంకు పేరు, ఖాతా చివరి నాలుగు అంకెలు రాస్తే ఆ తిరుగుడు తప్పుతుంది.

ఇక మాటల సంగతి. సందేశంలో లింకు పెట్టవద్దు. ప్రభుత్వమే లింకులు పంపుతూ ఉంటే, లింకులు నొక్కవద్దని జనానికి చెప్పి ప్రయోజనం లేదు. ఇలా రాయవచ్చు: ‘మీ ఖాతాలో మొబైల్ నంబరు మార్చాలని 12-03న ఉదయం 10:40కి కోరారు. మీరు కాకపోతే 48 గంటల్లో హెల్ప్ లైన్‌కు ఫోన్ చేయండి.’ ఇంగ్లిషు ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడితే, తెలుగు లేదా ఒడియా లిపిలో 70 మాత్రమే పడతాయి, ఒత్తులూ గుణింతపు గుర్తులూ కూడా విడిగా లెక్కకొస్తాయి. పై సందేశం రెండు భాగాల్లో సరిపోతుంది. భాషను రాష్ట్రాన్ని బట్టి నిర్ణయించకండి. గుణుపురంలో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, ఒడియా బడిలో చదువుకున్నందువల్ల తెలుగు చదవలేనివారు ఉన్నారు, అందుకు భిన్నంగా తెలుగు మాత్రమే చదవగలిగినవారూ ఉన్నారు. ఏ భాష కావాలో ఖాతాదారునే అడగండి.

ప్రశ్న: పర్లాకిమిడిలో నాకు కిరాణా దుకాణం ఉంది. నా రిటర్నులు ఒక ట్యాక్స్ కన్సల్టెంటు వేస్తారు. ఆదాయపు పన్ను శాఖ సందేశాలేవీ నాకు రావు. ఈ మధ్య మాత్రం ఒక నోటీసు ఈమెయిల్‌లో వచ్చింది. నమ్మవచ్చా?

జవాబు: మీకు సందేశాలు రాకపోవడానికి బహుశా ఖాతాలో ప్రధాన నంబరుగా ఆయనది ఉండటమే కారణం. ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో ప్రొఫైల్ తెరిచి, ప్రధాన మొబైల్, ఈమెయిల్ మీవి పెట్టి, ఆయన వివరాలను రెండో స్థానంలోకి మార్చండి. ఆయన మంచివారు కారని దీని అర్థం కాదు. రిటర్నులో ఏం రాసినా జవాబుదారీ మీరే కనుక కబురు మీకే రావాలి. అదే పోర్టల్‌లో ‘ఈ-ఫైలింగ్ వాల్ట్’ అనే అదనపు భద్రతా సదుపాయంలో ఆధార్ ఓటీపీతోనే లాగిన్ అయ్యేలా పెట్టుకుంటే, పాస్‌వర్డ్ ఒక్కటే తెలిసినవారు లోపలికి రాలేరు. ముందుగా మీ ఆధార్‌కు జతపడిన నంబరు మీదేనా అని చూసుకోండి.

నోటీసు విషయానికొస్తే, 2019 అక్టోబరు 1 నుంచి ఆ శాఖ పంపే నోటీసులపై పత్ర గుర్తింపు సంఖ్య (డీఐఎన్) ఉండాలి. ఈమెయిల్‌లోని లింకు జోలికి పోకుండా, పోర్టల్ చిరునామాను మీరే టైపు చేసి, మొదటి పేజీలోనే ఉన్న నోటీసు ధ్రువీకరణ సదుపాయంలో ఆ సంఖ్యను సరిచూడండి. అక్కడ దొరకకపోతే జవాబు ఇవ్వకండి. ఇప్పటికే బ్యాంకు వివరాలు ఇచ్చి డబ్బు పోగొట్టుకుని ఉంటే సైబర్ మోసాల హెల్ప్ లైన్ 1930కు వెంటనే ఫోన్ చేయండి. ఫిర్యాదు ఎంత త్వరగా అందితే అవతలి ఖాతాలో డబ్బును నిలిపివేసే అవకాశం అంత ఎక్కువగా ఉంటుంది.